పదహారో అడుగు

పొద్దున ఎనిమిదిన్నర. సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో గడ్డి ఇంకా తడిగానే ఉంది. నీ స్పైక్స్ కింద అది నలుగుతోంది. టాస్‌కి అరగంట టైముంది. చేతిలో కొలిచే టేపు, ప్యాంటు జేబులో తెల్లటి ప్లాస్టిక్ డిస్కు. నీకు పంతొమ్మిదేళ్లు. కుడిచేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేస్తావు. ఈ టీముకి ఆడటం ఇదే మొదలు. పొద్దున తిన్న ఇడ్లీ కడుపులో రాయిలా కూర్చుంది.

టేపు ఒక కొసని క్రీజు గీత మీద వికెట్‌కీపర్ బూటుతో తొక్కిపట్టాడు. రెండో కొస పట్టుకుని నువ్వు బౌండరీ వైపు నడుస్తున్నావు. 23 మీటర్లు. ఆగావు. డిస్కుని బొటనవేలితో నేలలోకి నొక్కావు. ఇక్కణ్ణుంచి పదహారు అడుగులు. మొదట పడేది కుడికాలు. పదహారోది ఎడమకాలు. దాని మీంచే గాల్లోకి లేస్తావు. కుడికాలు దిగుతుంది, వెంటనే ఎడమకాలు క్రీజు మీద పడుతుంది, చెయ్యి తిరుగుతుంది, బంతి వెళ్లిపోతుంది. అంతా కలిపి నాలుగు సెకన్లకి అటూ ఇటూ.

"ఆ టేపు పక్కకు పెట్టు రా," అంటాడు కోచ్ సార్ వెనక నుంచి. "అది గ్రౌండును కొలుస్తది. నిన్ను కొల్వదు."

నిన్ను తీసుకెళ్లి క్రీజు గీత మీద నిలబెట్టాడు. కానీ వికెట్ల వైపు కాదు, బౌండరీ వైపు మొహం పెట్టి. ముందర ఖాళీ గ్రౌండ్. గీతల్లేవు, స్టంప్స్ లేవు, బ్యాట్స్‌మన్ లేడు.

"ఉరుకు. యాడ ఎగరాలనిపిస్తే ఆడ ఎగురు. ఎటూ చూడకు."

పరుగెత్తావు. ఎగిరావు. ఖాళీ చెయ్యి తిప్పావు. సార్ నీ ఎడమకాలు పడ్డచోట బూటు మడమతో గీత గీశాడు. మళ్లీ. మళ్లీ. మొదట గీతలు ఒకదానికొకటి దూరంగా పడ్డాయి. తర్వాత దగ్గరపడ్డాయి. కాసేపటికి మూడు గీతలు ఒకే జానెడు జాగాలో ఉన్నాయి. సార్ అక్కడ మోకాలి మీద కూర్చుని, అరచేతితో ఆ జానెడుని చూపించాడు.

"ఇదీ నీ రనప్."

ఎదురుగా గీత ఉన్నప్పుడు కుదరని అడుగులు, లేనప్పుడు ఎలా కుదిరాయి? గీత కనిపిస్తే కాలు దాన్ని అందుకోవాలని చూస్తుంది. చివరి రెండు అడుగులూ సాగుతాయి, లేదంటే ముడుచుకుంటాయి. గీతే లేకపోతే కాలు తన పని తను చేసుకుంటుంది. ఆ సహజమైన దూరాన్ని కొలిచి, తిప్పి ఇటు వేసుకోవాలి. అప్పుడిక గీత వంక చూడాల్సిన పనే ఉండదు.

టేపు చెప్పిన చోటికీ సార్ చూపించిన చోటికీ రెండు బెత్తెల తేడా వచ్చింది. డిస్కు జరిపావు. ఆరో అడుగు, అంటే ఎడమకాలు, పడాల్సిన చోట స్పైక్స్‌తో నేల గీకి ఇంకో గుర్తు పెట్టావు. అది నీ చెక్‌మార్క్. అక్కడ కాలు సరిగ్గా పడితే మిగతా పది అడుగులూ వాటంతటవే పడతాయి.

టాస్ ఓడారు. మీవాళ్లు ముందు బ్యాటింగ్. 214 ఆలౌట్. నువ్వు పదకొండో నంబరు, ఒక్క బంతి ఆడావు.

మధ్యాహ్నం ఒకటింపావు. రెండో ఓవర్‌కి కెప్టెన్ కొత్త బంతి నీ చేతిలో పెట్టాడు. 160 గ్రాముల బరువుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, కానీ ఇప్పుడు అది అంతకు రెట్టింపు తూగుతోంది. "కొట్టు తమ్మీ," అన్నాడు. పొద్దున నువ్వు పెట్టిన డిస్కు దగ్గరికి నడిచావు. ఎస్పీ రోడ్డు మీద మెట్రో రైలు వెళ్తున్న చప్పుడు. వెనక నుంచి చొక్కా వీపుకి అతుక్కుంది. చెమటనుకున్నావు. గాలి. పొద్దున లేని గాలి. నీకు తట్టలేదు.

పరుగు. మొదటి బంతి బాగానే పడింది. రెండోది ఇంకా బాగా. కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఎవరో వెనక నుంచి నెడుతున్నంత హాయిగా ఉంది. మూడో బంతి. పరుగెత్తావు, ఎగిరావు, చెయ్యి తిరిగింది. బంతి లెంగ్త్‌లో పడి కొద్దిగా బయటికి తిరిగింది. ఓపెనర్ బ్యాట్ అంచు. టక్. ఫస్ట్ స్లిప్ చేతుల్లో.

రెండు చేతులూ పైకి లేపి అరుస్తూ పరుగెత్తావు. టీమంతా నీ వైపు వస్తోంది. వస్తూ వస్తూ ఆగిపోయింది. వెనక్కి తిరిగావు.

అంపైర్ కుడిచెయ్యి అడ్డంగా చాచి ఉంది.

నో బాల్.

వెళ్లి చూశావు. క్రీజు గీతకి అవతల, నీ ఎడమ బూటు మడమ గుచ్చుకున్న రంధ్రాలు. గీతకీ వాటికీ మధ్య రెండు వేళ్ల జాగా. మడమలో వెంట్రుకవాసి గీతకి ఇవతల ఉన్నా చాలు, వికెట్ నీదే. ఆ ముందుగీత స్టంప్స్ నుంచి 4 అడుగుల దూరంలో ఉంటుంది. కాలు దిగేటప్పుడు పాదంలో కాస్త భాగమైనా దాని వెనక ఉండాలి. నేలకి ఆనకుండా గాల్లో ఉన్నా సరే. ఇంత ఉదారమైన నియమం అది. దాన్నీ దాటావు.

బ్యాట్స్‌మన్ తిరిగొచ్చి గార్డ్ తీసుకుంటున్నాడు. గ్లోవ్స్ సర్దుకుంటూ నీ వంక చూడను కూడా చూడలేదు.

2017 జూన్ 18న లండన్ ఓవల్‌లో బుమ్రాకి జరిగింది ఇదే. ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్, ఎదురుగా పాకిస్తాన్. ఫఖర్ జమాన్ 3 పరుగుల మీద ఉండగా బ్యాట్ అంచుకి తగిలి బంతి ధోనీ చేతుల్లో పడింది. కాలు గీత దాటింది. ఫఖర్ 114 కొట్టాడు. ఇండియా 180 పరుగుల తేడాతో ఓడిపోయింది. బుమ్రాకే తప్పలేదు, నువ్వెంత. కానీ ఆ మాట ఇప్పుడు నీకు ఏ ఓదార్పూ ఇవ్వదు, ఎందుకంటే తర్వాతి బంతి ఫ్రీ హిట్.

వెనక్కి నడుస్తున్నావు. బుర్రలో ఒక్కటే: గీత, గీత, గీత. పరుగు మొదలుపెట్టావు. పన్నెండో అడుగు దగ్గర కళ్లు కిందికి దిగాయి. గీత కనిపించింది. చివరి అడుగులు పొట్టి చేశావు. తప్తప్తప్. ఎగరాల్సినంత ఎగరలేదు. ఎడమకాలు గీతకి అడుగున్నర వెనకే పడింది. క్షేమం. కానీ వేగమంతా కాళ్లలోనే చచ్చిపోయింది. బంతి సగం పిచ్ దగ్గర పడి నడుమెత్తున లేచింది. మిడ్‌వికెట్ మీంచి సిక్స్.

గీత దాటడం, గీతకి భయపడటం. రెండూ ఒకే జబ్బు. రెండింట్లోనూ కళ్లు బ్యాట్స్‌మన్ మీద లేవు.

నీ రెండో ఓవర్‌లో నీకు కోపం వచ్చింది. కోపం వస్తే ఫాస్ట్ బౌలర్ చేసే మొదటి పని ఇంకా గట్టిగా పరుగెత్తడం. నువ్వూ అదే చేశావు. క్రీజు చేరేసరికి కాళ్లు ఒంటిని దాటి ముందుకెళ్లిపోయాయి. ఒళ్లు వెనక్కి వాలింది. ఎడమచెయ్యి తొందరగా కిందికి పడిపోయింది. తల ఎడమపక్కకి ఒరిగింది. మనిషి తల నాలుగైదు కిలోలుంటుంది. అది పక్కకి ఒరిగితే భుజం దాని వెంట, చెయ్యి భుజం వెంట, బంతి చెయ్యి వెంట. లెగ్ సైడ్ వైడ్. కీపర్‌కి అందలేదు. ఐదు పరుగులు. మళ్లీ పరుగు. మళ్లీ వైడ్. బంతి వేశాక నువ్వు ఎడమపక్కకి నాలుగడుగులు తూలి, చెయ్యి నేలకి ఆనించి ఆగావు.

రెండు ఓవర్లు, 26 పరుగులు. కెప్టెన్ నీ దగ్గరికొచ్చి బంతి తీసుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఫైన్ లెగ్‌కు పో తమ్మీ. నీళ్లు తాగు."

ఫైన్ లెగ్‌లో, తాడు అవతల, సార్ నిలబడి ఉన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంగి గుప్పెడు గడ్డి పీకి, భుజమెత్తులోంచి వదిలాడు. గడ్డి నేలకి రాలలేదు. నువ్వు బౌలింగ్ వేసిన ఎండ్ నుంచి పిచ్ వైపు కొట్టుకుపోయింది.

"పొద్దుగాల ఇది ఉండెనా?"

"లేదు సార్."

"మరి నీ మార్క్ జరిపినవా?"

నువ్వు మాట్లాడలేదు.

"గాలి ఎనకనుంచి కొడితే ఒక్కొక్క అడుగు ఎంత సాగుతది? రెండు సెంటీమీటర్లు అనుకో. పదహారు అడుగులు. లెక్క చెయ్."

32 సెంటీమీటర్లు. నీ బూటు పొడవు కన్నా ఎక్కువ. మూడో బంతికి నీ కాలెందుకు గీత అవతల పడిందో ఇప్పుడు అర్థమైంది. నువ్వు పదహారో అడుగులో తప్పు చేయలేదు. మొదటి అడుగు నుంచీ కొంచెం కొంచెంగా పోగేసుకుంటూ వచ్చావు, పదహారో అడుగులో అది బయటపడింది, అంతే. గాలే కాదు, గ్రౌండ్ వాలుగా ఉన్నా ఇంతే. ఎదురుగాలి అయితే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. సాయంత్రానికి అలిసిపోయినా అడుగు పొట్టిదవుతుంది. అందుకే పెద్ద బౌలర్లు గ్రౌండ్ మారితే, ఎండ్ మారితే, పూట మారితే మళ్లీ కొలుచుకుంటారు.

"గాలి సంగతి సరే. నువ్వెందుకు ఉరికినవ్?"

"స్పీడ్ కోసం సార్."

"స్పీడ్ కాళ్లల్ల రాదు రా. కాలు ఆగితే వస్తది."

అదెలా? నీకూ సందేహమే. పరుగెత్తుకొచ్చిన నీ ఎడమకాలు నేలకి తగిలి, మోకాలు వంగకుండా నిలబడాలి. వేగంగా పోతున్న బండి ముందుచక్రానికి రాయి అడ్డం పడితే వెనక కూర్చున్నవాడు ఎగిరిపడతాడు కదా, ఆ ఎగిరిపడేది ఇక్కడ నీ భుజం, నీ చెయ్యి, నీ బంతి. కాలు నేలని తాకిన దగ్గర్నుంచి బంతి చేతిలోంచి వదిలేదాకా సెకనులో పదోవంతు. ఆ ఒక్క క్షణంలో నీ ఎడమకాలి మీద పడే బరువు నీ ఒంటి బరువుకి ఐదారు రెట్లు. నువ్వు 70 కిలోలు. ఐదు రెట్లంటే 350 కిలోలు. నువ్వు తట్టుకోలేనంత వేగంగా వస్తే మోకాలు కూలిపోతుంది, వేగం నేలపాలవుతుంది. నీ పూర్తి వేగంలో ముప్పావు వంతు చాలు. మిగతా పావు వంతు, నిలబడటానికి దాచుకోవాలి.

తూలడం వల్ల పోయేది పరుగులు మాత్రమే అయితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. నడుము కింద ఉన్న పూసలు పోతాయి. నడుము ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరిగి ఉండగా అంత బరువు పడితే, కుడిచేతి బౌలర్‌కి వెన్నులో ఎడమపక్క ఎముక సన్నగా చిట్లుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్. కుర్రవాళ్లకే ఎక్కువ వస్తుంది, ఎముక ఇంకా గట్టిపడదు కాబట్టి. నెలల తరబడి ఆట బంద్. మన దగ్గర పన్నెండేళ్ల పిల్లాడు కొంచెం జోరుగా బంతి విసిరితే చాలు, ఎంత స్పీడు, ఎంత స్పీడు అని చప్పట్లు కొడతాం. వాడు పరుగెత్తే తీరు సరిగా ఉందా, దిగేటప్పుడు నిలబడుతున్నాడా అని చూసే పెద్దవాళ్లు తక్కువ. ఇది మారాలి. స్పీడ్ చూసే కళ్లతోనే వాడి పాదాలూ చూడాలి.

డ్రింక్స్ బ్రేక్. సార్ నిన్ను తాడు అవతలికి పిలిచాడు. "ఆరు అడుగులు. ఉరకొద్దు, నడువు." నడిచావు. ఆరో అడుగున మెల్లగా లేచి, కుడికాలి మీద, తర్వాత ఎడమకాలి మీద దిగావు. "ఆగు. కదలకు." ఎడమకాలి మీద నిలబడ్డావు. పిక్క వణుకుతోంది. తల మోకాలికి సరిగ్గా పైన ఉంటే ఒళ్లు నిలుస్తోంది. తల బెత్తెడు పక్కకి పోతే పడిపోతున్నావు. ఎడమచెయ్యి పైకి, బ్యాట్స్‌మన్ వైపు నిటారుగా సాచి, దాన్ని పక్కకి కాకుండా నేరుగా తుంటి దగ్గరికి లాక్కోవాలి. చెయ్యి పక్కకి ఊగితే తలా ఊగుతుంది. ఇంకోసారి. ఇంకోసారి. ఇప్పుడు కొంచెం జోరుగా.

"చెవి పెట్టి విను," అన్నాడు సార్. "నీ అడుగులు విను."

విన్నావు. పొద్దున నీ అడుగులు ధన్ ధన్ అని ఉండేవి. మైకేల్ హోల్డింగ్ పరుగెత్తుకొస్తుంటే వెనక నిలబడ్డ అంపైర్‌కి అడుగుల చప్పుడే వినిపించేది కాదట. అందుకే ఆయనకి విస్పరింగ్ డెత్ అని పేరు. అంత అవసరం లేదు. చప్పుళ్ల మధ్య ఎడం ఒక పద్ధతిలో తగ్గుతూ రావాలి, ఉన్నట్టుండి గడబిడ కాకూడదు. గడబిడ అయిన చోటే నీ తప్పు ఉంటుంది. కళ్లకన్నా చెవికి ముందు తెలుస్తుంది.

"సిరాజ్‌ను చూసినవ్ కదా," అన్నాడు సార్ నీళ్ల సీసా మూత పెడుతూ.

చూడకపోవడమేంటి. ఇదే ఊరి పిల్లాడు, ఆటో నడిపిన నాన్న కొడుకు, టెన్నిస్ బంతితో మొదలుపెట్టినవాడు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు. అంటే లెక్కకొచ్చిన బంతులే 1113. అన్నిసార్లు వెనక్కి నడక, అన్నిసార్లు అదే పరుగు. ఓవల్ టెస్టు నాలుగో రోజు బౌండరీ దగ్గర ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ బ్రూక్ క్యాచ్ పట్టి తాడు తొక్కాడు. ఆ బ్రూక్ సెంచరీ కొట్టాడు. మర్నాడు, ఆగస్టు 4 పొద్దున, ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. సిరీస్ మొత్తం పరుగెత్తిన కాళ్లతో సిరాజ్ మళ్లీ వచ్చాడు. చివరి వికెట్, అట్కిన్సన్. యార్కర్, స్టంప్స్ మీద. 6 పరుగుల తేడాతో గెలుపు. ఆ బంతి మళ్లీ చూసినప్పుడు చెయ్యి చూడకు, కాళ్లు చూడు. తొందర కనిపించదు.

46వ ఓవర్. వాళ్లు 188కి 7. కెప్టెన్ చుట్టూ చూశాడు. వేరే దారి లేదేమో, నీ వైపు బంతి విసిరాడు. అదే ఎండ్. అదే గాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది, అందరూ చూస్తుండగా. డిస్కు పీకావు. మడమకి వేలు ఆనించి ఒక బూటు పొడవు, ఇంకో రెండు వేళ్లు వెనక్కి జరిపావు. నాన్‌స్ట్రైకర్ నవ్వుతున్నాడు. చెక్‌మార్క్ కూడా కొత్తగా గీశావు. మొదటి మూడు అడుగులూ నడకకీ పరుగుకీ మధ్యలో ఉండేలా మొదలుపెట్టావు. ఆరో అడుగు గుర్తు మీద. పది. పదమూడు. కళ్లు ఆఫ్ స్టంప్ మీద. లేచావు, దిగావు, వదిలావు. ఎడమకాలు గీత మీదే, మడమ వెనక. బ్యాట్స్‌మన్ బ్యాట్‌కి బంతి ఆలస్యంగా తగిలింది. హ్యాండిల్ అతని చేతుల్లో తిరిగింది. కీపర్ గ్లోవ్స్ కొడుతూ ఏదో అరుస్తున్నాడు. నీకు వినిపించడం లేదు, అడుగులే వినిపిస్తున్నాయి.

ఆ ఓవర్ 4 పరుగులు. 48వ ఓవర్ 5 పరుగులు, ఎల్బీ ఒకటి.

చివరి ఓవర్.

208కి 8. కావాల్సింది 7. ఆరు బంతులు. బంతి నీ చేతిలో.

మొదటి బంతి. ఫుల్, ఆఫ్ స్టంప్ మీద. కవర్స్‌లోకి నెట్టి ఒకటి తీశారు. 6 కావాలి.

రెండోది. బ్యాట్ పక్క నుంచి వెళ్లిపోయింది. కీపర్ చేతుల్లో. 6 కావాలి, నాలుగు బంతులు.

మూడోది. మిడ్‌ఆన్ పక్కకి. ఫీల్డర్ డైవ్. రెండు పరుగులు. 4 కావాలి. మూడు బంతులు.

వెనక్కి నడుస్తున్నావు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బౌండరీ చుట్టూ వాళ్ల టీము నిలబడి చప్పట్లు కొడుతోంది. అందరూ నీకు ఏదో చెబుతున్నారు. యార్కర్. బౌన్సర్. వైడ్ వెయ్యకు. డిస్కు దగ్గర తిరిగావు. పరుగు.

తొందర.

ఆరో అడుగు.

గుర్తు కనిపించలేదు. కాలు దాన్ని దాటి అరచేతి వెడల్పు ముందు పడింది.

వెయ్యాలా? ఆగాలా?

వేస్తే చివర్లో సర్దుకోవాలి. సర్దుకుంటే పొట్టి అడుగులు. పొట్టి అడుగులైతే సగం పిచ్. ఆగితే అందరూ నవ్వుతారు. ఆగితే భయపడ్డాడంటారు. ఆగడం తప్పు కాదు. నియమం ఒప్పుకుంటుంది. బంతి వదలనంత వరకూ ఆగొచ్చు. తొమ్మిదో అడుగు.

ఆగావు.

"ఓయ్!" బౌండరీ దగ్గర గోల. నాన్‌స్ట్రైకర్ ఏదో అన్నాడు. అంపైర్ వాచీ చూసుకున్నాడు. నువ్వు అంపైర్‌కి చెయ్యెత్తి సారీ చెప్పి, తిరిగి నడిచావు. మెల్లగా. ఊపిరి పూర్తిగా వదిలావు. డిస్కు వెనక నిలబడ్డావు. ఎడమకాలి మీద ఒక్క క్షణం బరువు వేశావు. కుడికాలు ముందుకి.

నడక. నడక. పరుగు.

ఆరు. గుర్తు మీద.

పది.

పదమూడు.

కళ్లు అతని కాలివేళ్ల మీద.

పదహారు.

గాలి.

కుడికాలు. ఎడమకాలు. నిలబడింది.

వదిలావు.

బంతి అతని బ్యాట్ కిందికి దూరింది. చప్పుడు. మిడిల్ స్టంప్ వెనక్కి పడింది.

అంపైర్ చెయ్యి చూశావు. కదల్లేదు. 211కి 9.

రెండు బంతులు. 4 పరుగులు. ఒక్క వికెట్.

పదకొండో నంబరు వచ్చాడు. హెల్మెట్ సరిచేసుకుంటున్నాడు. నీ వయసే ఉంటుంది. అతని చేతులూ వణుకుతున్నాయి. కెప్టెన్ ఫీల్డర్లని ముందుకి లాగాడు.

అదే నడక. అదే డిస్కు. ఆరు. పదహారు. కాలు, కాలు, చెయ్యి. బ్యాట్ అంచుకి తగిలి థర్డ్‌మ్యాన్ వైపు. ఒకటి. 3 కావాలి. ఒక్క బంతి.

ఎదురుగా పాత బ్యాట్స్‌మన్. బాగా ఆడుతున్నవాడు. అర్ధ సెంచరీ దాటాడు. క్రీజులో వెనక్కి జరిగి నిలబడ్డాడు, యార్కర్ వేస్తావని తెలుసు. తెలిస్తే తెలియనీ.

సార్ ఎక్కడున్నాడో చూడకు. స్కోరుబోర్డు చూడకు. సీమ్ మీద రెండు వేళ్లు. బొటనవేలు కింద.

కుడికాలు.

మెల్లగా.

ఆరు. పడింది.

గాలి నెడుతోంది. నెట్టనీ. దానికి తగ్గట్టే డిస్కు పెట్టావు.

పది.

పదహారు.

లేచావు. తల నిటారుగా. ఎడమచెయ్యి పైకి, తుంటికి.

దిగావు.

వదిలావు.

అతను గట్టిగా ఊపాడు. బ్యాట్ కొసకి తగిలింది. మిడ్‌ఆన్ వైపు, నేల మీద. పరుగెత్తుతున్నారు. ఒకటి అయింది. తిరిగారు. రెండోదానికి వస్తున్నారు. రెండు తీస్తే సమం. ఓవర్‌త్రో అయితే వాళ్లదే.

మొదటి రెండు ఓవర్లలో అయితే నువ్వీపాటికి ఎడమపక్కన నేలకి చెయ్యి ఆనించి ఉండేవాడివి. ఇప్పుడు పాదాల మీద ఉన్నావు. రెండడుగులు నేరుగా వెళ్లి, పక్కకి జరిగి, వెనక్కి తిరిగావు. స్టంప్స్ నాలుగడుగుల దూరం. పరుగు. మిడ్‌ఆన్ విసిరాడు. బంతి తక్కువెత్తులో వస్తోంది. స్టంప్స్ వెనక్కి చేరావు. మోకాళ్లు వంచావు. కళ్లు బంతి మీద. నాన్‌స్ట్రైకర్ బ్యాట్ చాచి దూకుతున్నాడు.

అందింది.

కొట్టావు.

బెయిల్స్ ఎగిరాయి. దుమ్ము. బ్యాట్ గీతకి ఇవతలా? అవతలా? నువ్వు మోకాళ్ల మీదే అంపైర్ వైపు తిరిగి గొంతు చించుకున్నావు.

వేలు లేచింది.

213 ఆలౌట్. ఒక్క పరుగు. కీపర్ హెల్మెట్ గాల్లోకి విసిరి వచ్చి నీ మీద పడ్డాడు, వాడి మీద ఫస్ట్ స్లిప్, ఆ పైన కెప్టెన్. అడుగున నువ్వు. ముక్కులో మట్టి, నోట్లో గడ్డి, బంతి ఇంకా పిడికిట్లోనే ఉంది.